దవడ కింద పచ్చరంగు

మా బంగారు అక్కకి,

బాగున్నావా? చెవి మిషను బాగు చేయించుకున్నావా, ఇంకా గుండీల డబ్బాలోనే పడేసి ఉంచావా? ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. నేను గొంతు చించుకుంటే పక్కవాటా వాళ్ళు తలుపు తీసి చూస్తున్నారు. అందుకే మళ్ళీ కాగితం, కలం. ఒకందుకు ఇదే నయం. ఉత్తరంలో నువ్వు నా మాటకి అడ్డు తగల్లేవు.

ఈ ప్రింటరు నా ప్రాణం తోడేస్తోందక్కా. చిన్నోడి పెళ్ళికి పదేళ్ళు నిండుతున్నాయి, తమ్ముడికీ మరదలికీ మంచి ఆల్బం చేసి ఇద్దాం, అట్టకి గుడ్డ నేను కుడతాను, ఫొటోలు నువ్వు చూసుకో అని నువ్వు తేలిగ్గా అనేశావు. స్టూడియో ఎందుకు, ఇంట్లోనే వేసుకోవచ్చు అని మా ఆయన తగ్గింపు ధరలో ఒక ప్రింటరు మోసుకొచ్చాడు. పెట్టె విప్పాడు, తీగ తగిలించాడు, కుర్చీలో వెనక్కి వాలి "ఇక నీదే ఆలస్యం" అన్నాడు. ఆయన పని అంతటితో పూర్తి.

మరదలు నా ఫోన్‌కి నలభై ఫొటోలు పంపింది. మొదటిది వేశాను. అందరి మొహాలూ ఆకుపచ్చ! చిన్నోడు నాచు పట్టిన నీళ్ళతొట్టిలా ఉన్నాడు. మరదలు మూడు రోజులు వాంతులు చేసుకుని లేచినట్టుంది. నువ్వైతే, చెప్పకూడదు గానీ, చెరువులోంచి పైకి తీసిన మనిషిలా ఉన్నావు. మా ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని చూసి "బాగానే ఉందిగా, ఎవరు ఎవరో తెలుస్తోందిగా" అన్నాడు. ఈయనతో మొర పెట్టుకోవడం కంటే గోడతో పెట్టుకోవడం మేలు.

నేనేమీ చేతకానిదాన్ని కాదు కదా. ఇరవై రెండేళ్ళుగా పళ్ళ ల్యాబులో కట్టుడు పళ్ళకి రంగు కలుపుతున్నాను. నేను చేసిన పన్ను ఏదో, అసలు పన్ను ఏదో చెప్పండి చూద్దాం అని డాక్టర్లు ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటారు. అలాంటిదాన్ని ఈ ప్లాస్టిక్ డబ్బా వెక్కిరిస్తోంది. పట్టుదల వచ్చింది. పరీక్ష గీతలు వేసి చూశాను. నలుపు, నీలం, పసుపు బాగానే ఉన్నాయి, గులాబీ గీతలు మాత్రం పళ్ళూడిన దువ్వెనలా ఉన్నాయి. సిరా కారే రంధ్రాలు ఎండిపోయాయన్నమాట. గులాబీ రాకపోతే మనిషి మొహం పచ్చబడక ఏమవుతుంది? కడిగే మీట నొక్కాను. గుర్రుగుర్రుమని అరిచి బోలెడు సిరా తాగేసింది. పూటంతా ఆగి మళ్ళీ కడిగితే గీతలు అతుక్కున్నాయి.

సరే అనుకుంటే ఈసారి రంగు కాగితానికి అంటనే లేదు. చేత్తో ముట్టుకుంటే బంకలా వేళ్ళకి వచ్చేసింది. మెరిసే వైపు కిందకి పెట్టానట! ఆ సిరా వాసన, ఆ జిడ్డు, ఛీ, ఆ చేతులు ఎన్నిసార్లు కడిగినా అన్నం సయించలేదు. కాగితం తిప్పి పెట్టాను. ఇప్పుడు అందరూ తాగినవాళ్ళలా ఎర్రగా వచ్చారు. తీరా చూస్తే కంప్యూటరు ఒకసారి రంగు దిద్దుతోంది, ప్రింటరు దాని మీద మళ్ళీ దిద్దుతోంది. ఇద్దరు అత్తగార్లున్న కొంపలా ఉంది వ్యవహారం. ఒకదాని నోరు మూయించాను. కాగితం రకం కూడా మామూలు కాగితమని పెట్టి ఉంటే మార్చాను. అప్పటికి మొహాలు మొహాల్లా వచ్చాయి.

అంతా అయ్యాక కూడా ఈ దిక్కుమాలిన ప్రింటరు మరదలి దవడ కింద, చెవికి దిగువన, ఆకుపచ్చ మచ్చ ఒకటి పెట్టింది. చెరువు గట్టు మీద దిగిన ఫొటోలో. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అక్కడే. విసుగొచ్చి కంప్యూటర్లో రెండు గీతలు గీసి తుడిచేశాను. ఆ దరిద్రం మళ్ళీ నా కంట పడకూడదని పాత ఫొటో మీదే సేవ్ చేసి పారేశాను. ఫోన్లో చోటు లేదని, కంప్యూటర్లోకి ఎక్కించగానే అక్కడివి తీసేశాను. ఎంత శుభ్రంగా వచ్చిందో నువ్వే చూడు, ఒక కాపీ ఇందులో పెడుతున్నాను. మరదలికి కూడా పంపాను.

ఆల్బం అట్టకి ముదురు రంగు గుడ్డ తీసుకో. లేతరంగైతే నాలుగు రోజులకే మాస్తుంది.

నీ
చెల్లి


అక్కా,

నీ ఉత్తరం అందింది. "మన పిల్ల మొహం కడిగిన ముత్యంలా ఉంది, నీ చేతిలో ఏదో ఉందే" అని రాశావు. అది చదివి నేను బాత్‌రూములోకి పోయి కక్కుకున్నాను. ఎందుకో వరసగా చెప్తాను. ముందూ వెనకా చేస్తే అసలు చెప్పలేను.

ముప్ఫై ఫొటోల దాకా సాఫీగా వచ్చాయి. ఆ తర్వాత ఒకదాంట్లో మరదలి మణికట్టు చుట్టూ పసుపు. ఇంకోదాంట్లో జాకెట్టు చేయి కాస్త పైకి జరిగినచోట వంకాయ రంగు. మళ్ళీ మొదలెట్టింది ముదనష్టం అనుకున్నాను. పరీక్ష గీతలు వేశాను. నాలుగు రంగులూ నూనె రాసి దువ్విన జుట్టులా ఉన్నాయి, ఒక్క గీత తెగలేదు. నమ్మకుండా రెండుసార్లు కడిగించాను. చవక సిరా వల్లేమో అని సిరాలు మార్చాను. ఆఖరికి లేత నుంచి ముదురు దాకా బూడిదరంగు పట్టీలు మాత్రమే ఉండే కాగితం ఒకటి వేశాను. ప్రింటరు ఏ రంగు ఎక్కువ పోస్తున్నా అందులో దొరికిపోతుంది. దొరకలేదు. బూడిద బూడిదలాగే ఉంది.

అప్పుడు ఆ మణికట్టు ఫొటో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటిరోజే చెప్పే సంగతి ఒకటుంది. పన్ను రంగు ఐదు సెకన్లలో తేల్చెయ్యాలి. అంతకంటే ఎక్కువసేపు చూస్తూ కూర్చుంటే కన్ను సర్దుకుపోతుంది, తేడా కనపడడం మానేస్తుంది. ఐదు సెకన్లే చూశాను. చిన్నోడి తెల్ల చొక్కా తెల్లగా ఉంది. వెనక గోడ గోడ రంగులో ఉంది. వాడి చేయి వాడి రంగులో ఉంది. ఆ చేయి పట్టుకున్న మణికట్టు ఒక్కటే పచ్చబడి ఉంది. ప్రింటరు తప్పయితే కాగితమంతా ఉండాలి కదక్కా? నలుగురున్న ఫొటోలో ఒక్క మనిషినే, ప్రతిసారీ ఆ మనిషినే వెతుక్కుని పట్టుకునే ప్రింటరు ఎక్కడైనా ఉంటుందా?

అయినా ఇంకా ఆశ. చిన్నోడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, మీ ఫొటోల్లో రంగు తేడాగా వస్తోందిరా" అన్నాను. అంతే అన్నాను. ఎవరి ఫొటో, ఎక్కడ, ఏ రంగు, ఏమీ చెప్పలేదు.

"దాని మెడ దగ్గరా?" అన్నాడు.

వెంటనే వాడే సర్దుకున్నాడు.

"ప్రింటరేలే అక్కా, చవకవి అంతే. కంప్యూటర్లో తీసెయ్. నీకు వచ్చుగా?"

వచ్చు. అప్పటికే తీసేశాను కూడా.

మర్నాడు ల్యాబుకి సెలవు పెట్టి, వాడు తన మందుల షాపు తెరవడానికి వెళ్ళిపోయాక వాళ్ళింటికి పోయాను. మరదలు గిన్నెలు తోముతోంది. బల్ల మీద మూడు ఫొటోలు పరిచాను. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఒక్కొక్కటీ తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"రంగులు బాగా వచ్చాయి వదినా" అంది.

అక్కా, ఆ మాటకి నాకు చచ్చిపోవాలనిపించింది. నేనేదో అడగబోతే తనే చెప్పింది, గొంతు ఏమాత్రం పెంచకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "నలభైలో ఏడు ఏరి కలిపాను వదినా. నోటితో చెప్పాలంటే నావల్ల కాలేదు. మీరైతే చూస్తారనుకున్నాను. పంటి మీద వెంట్రుకంత తేడా పట్టేస్తారు కదా. తర్వాత మీరు చెరువు గట్టుది పంపించారు. ఎంత శుభ్రం చేశానో చూడు అని కింద రాశారు." ఫొటోలు తిరిగి బల్ల మీద పెట్టింది. "వదినకి కూడా ఇలాగే కావాలి కాబోలు అనుకున్నాను."

నేను లేచి ఆమె చేయి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది. భయపడి కాదు. ముట్టుకోవద్దని.

ముందురోజు దాకా ఆ ఫొటోలు ఆమె ఫోన్లోనూ ఉన్నాయి. నా ఫోన్ కాల్ అయ్యాక వాడు ఇంటికొచ్చి, అన్నీ ఒక్కొక్కటీ చూసి, ఫోన్ నీళ్ళ బకెట్లో పడేశాడట. అరవలేదట, తిట్టలేదట. పడేసి చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చున్నాడట. ఇంకా వింటావా? కొట్టిన మర్నాడు షాపు నుంచి పూతమందు తనే తెస్తాడు. తనే రాస్తాడు. "నొప్పిగా ఉందా?" అని నోటితో ఊదుతాడు. నాకు కొట్టడం కంటే ఆ ఊదడమే ఎక్కువ రోత పుట్టించింది. ఆ ఊదే నోటికి చిన్నప్పుడు నువ్వు ముద్దలు పెట్టావు, నేను పాలు పట్టాను.

ఇప్పుడు ఆ ఫొటోలు ఉన్నది నా కంప్యూటర్లోనే. ఏడు కాదు, ఆరు. అన్నిటికన్నా స్పష్టంగా ఉన్న ఏడోదాన్ని నేనే తుడిచి, పాతదాని మీద సేవ్ చేశాను. వెనక్కి తెచ్చే దారి ఉందేమో అని ఇద్దరు మెకానిక్కులకి చూపించాను. లేదన్నారు.

అక్కా, అమ్మ పోయాక వాడిని చేతుల మీద పెంచింది నువ్వు. నీ ఒక్క మాటకే వాడు తలొంచుతాడు. ఉత్తరం కాదు, మనిషివి రా.

నీ
చెల్లి


అక్కా,

నువ్వు రాలేదు. కార్డు ముక్క వచ్చింది. మొగుడూ పెళ్ళాల మధ్య మనం దూరకూడదట. ఇంటి పరువు రచ్చకెక్కించకూడదట. ఆ ఫొటోలు చించి పొయ్యిలో పెట్టాలట. "అయినా ఆ ప్రింటరు బాగాలేదని నువ్వే రాశావు కదా" అని చివర్లో ఒక వాక్యం ఉంది. అప్పుడు అది నాకు అర్థం కాలేదు. ఆదివారం అర్థమైంది.

ముందు మరదలి సంగతి. గురువారం ఒక సంచితో ఇల్లు వదిలి వచ్చేసింది. నా దగ్గరికి రాలేదు. ఎందుకొస్తుంది? లాండ్రీ మీద మేడ గది ఒకటి తీసుకుంది. మెట్లెక్కుతుంటే ఇస్త్రీ ఆవిరి మొహాన కొడుతుంది. లాయరమ్మ దగ్గరికి మాత్రం నన్ను రమ్మని కబురు చేసింది. లాయరమ్మకి జలుబు. చేతిరుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని, ఫొటోలు చూసి, "అవతలివాళ్ళు మొదట అనేది రంగు తప్పు అనే. ఎవరు వేశారు, ఎలా వేశారు, ఏమీ దిద్దలేదని ఎవరు చెబుతారు?" అంది. నేను చెబుతానన్నాను. మరదలు నా వైపు చూడలేదు.

శనివారమంతా ఆ ఆరూ వేశాను. ముందు గీతలు, తర్వాత బూడిద కాగితం, తర్వాత ఫొటో, ప్రతిదానికీ అదే వరస. తడి ఆరేదాకా ముట్టుకోలేదు, ఆరకముందు రంగు వేరేగా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో ఐదు సెకన్లు చూసి బోర్లా పెట్టాను. కట్టుడు పళ్ళకి కూడా నేను ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రంగు చూడలేదు. మా ఆయన ఈసారి కళ్ళజోడు పైకి తోయలేదు. ఒకటి తీసి చూశాడు, చాలాసేపు చూశాడు, "వాడు మనింట్లో ఇన్నిసార్లు భోంచేశాడు" అన్నాడు. వెళ్ళి బయట నిలబడ్డాడు.

ఆదివారం చిన్నోడు వచ్చాడు. బూట్లు విప్పి, వరసగా పెట్టి, సోఫాలో కూర్చున్నాడు. అడగకుండానే ఏడ్చాడు. కన్నీళ్ళు నిజమైనవే. అదే అసహ్యం.

"కోపం వస్తుందక్కా, వచ్చాక నాకు తెలీదు" అన్నాడు.

"షాపులో ఎవరినైనా కొట్టావా?" అని అడిగాను.

"షాపులో ఎందుకు కొడతాను?"

"మరి అక్కడ నీకు తెలుస్తుందన్నమాట."

ఏడుపు ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు ఆగింది. "చూడు, మచ్చలు లేవని చెప్పమనట్లేదు. వేసేటప్పుడు ఆ రంగు పిసరంత తగ్గించు. చాలు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వు నాకు అక్కవా, దానికా?"

వాడు జేబులోంచి ఒక కాగితం తీసి విప్పాడు. దూరం నుంచే నా చేతిరాత గుర్తుపట్టాను. నేను నీకు రాసిన మొదటి ఉత్తరం. పైకి చదివాడు. నాచు పట్టిన తొట్టి, ఇద్దరు అత్తగార్లు, నా జోకులన్నీ వాడి నోట్లోంచి వచ్చాయి. "ఈ దిక్కుమాలిన ప్రింటరు మరదలి దవడ కింద, చెవికి దిగువన, ఆకుపచ్చ మచ్చ ఒకటి పెట్టింది" అన్నచోట ఆగి, వేలు పెట్టి చూపించాడు. "నీ రాతే కదా అక్కా? ప్రింటరు మచ్చలు పెడుతుందని నువ్వే రాశావు. పెద్దక్క ఇచ్చింది."

నువ్వు ఇచ్చావు. నువ్వు కాసేపు నవ్వుకోవడానికి నేను నీకు రాసిన ఉత్తరం, ఆ పిల్ల నోరు నొక్కడానికి వాడి చేతికిచ్చావు.

వాడు వెళ్ళాక ఒక సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది. నీకు కాదు, ముందు నాకు నేను. నాలుగేళ్ళ కిందట నా పుట్టినరోజుకి వాళ్ళిద్దరూ మా ఇంటికొచ్చారు గుర్తుందా? నేను వంటగదిలో సింకు దగ్గర నిలబడి ఉన్నాను. వెనక ఫ్రిజ్ దగ్గర చిన్నోడు, మరదలు. ఏదో గ్లాసు పగిలింది. "వద్దు, ఇక్కడ వద్దు" అన్నది విన్నాను. ఇక్కడ వద్దు అందక్కా. కిటికీ అద్దంలో వాడు ఆమె మణికట్టు మెలిపెట్టడం కనపడింది. నేనేం చేశానో తెలుసా? కుళాయి ఇంకాస్త ఎక్కువ తిప్పాను. నీళ్ళ చప్పుడులో ఏదీ వినపడలేదని నాకు నేను చెప్పుకున్నాను. కాసేపటికి వెనక్కి తిరిగి, నవ్వుతూ, గ్లాసు పోతే పోయిందిలే అన్నాను.

కాబట్టి ఆ మచ్చ ఏమిటో నాకు మొదటి క్షణమే తెలుసు. ఇరవై రెండేళ్ళు రంగులతో బతికినదానికి తెలియదా? తెలిసి ప్రింటరు మీద పడ్డాను. కడిగాను, సిరాలు మార్చాను, కాగితాలు తగలేశాను. ప్రింటరుదే తప్పయితే ఎంత బాగుండునో అని ఒక్కొక్క సిరాబుడ్డికీ మొక్కుకున్నాను.

వాడు నా ఉత్తరం కోర్టులో చదివిస్తాడట. చదవనీ. అది నా రాతేనని చెబుతాను. మచ్చ పెట్టింది ప్రింటరు కాదని, ఆ మాట రాసిన చెయ్యే ఏడో ఫొటో తుడిచేసిందని, ఎందుకు తుడిచిందో కూడా చెబుతాను. వంటగది సంగతి కూడా. అందరి ముందూ నా మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ.

వాడంటే అసహ్యంగా ఉంది. నేనంటే అసహ్యంగా ఉంది. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చించాను గానీ, నువ్వన్నా అసహ్యంగానే ఉందక్కా.

చెల్లి


చెల్లికి,

నాకు నీలా రాయడం రాదు. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నీ ఉత్తరం వాడికిచ్చింది నేనే. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయిన ఏడాది ఏడ్చినట్టే ఏడ్చాడు. పిల్లాడు నాశనమైపోతాడే అనిపించింది. ఏదైనా ఉంటే ఇవ్వు అక్కా అన్నాడు. ఇచ్చేశాను. నీకు కార్డు రాసింది కూడా ఆ రోజే.

మొన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి ఏడుపు లేదు. హుషారుగా ఉన్నాడు. భోంచేశాడు, ఇంకాస్త వడ్డించమన్నాడు. చెయ్యి కడుక్కుని నా చెవి దగ్గరకి వంగి, నాకు వినపడేలా గట్టిగా అన్నాడు. "నువ్వుండగా నాకేం భయమక్కా. ఆ పొడుగు చేతుల సంగతి ఇన్నేళ్ళూ ఎవరికైనా చెప్పావా?"

నీకు ఆ సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. వాడికి తెలుసునని నాకూ తెలియదు.

ఆరేళ్ళ కిందట మరదలు నాకు ఉత్తరం రాసింది. నాకు వినపడదని అందరూ ఉత్తరాలే రాస్తారు కదా. జాకెట్ల కొలతలు రాసింది. చేతులు మణికట్టు దాకా కావాలి, మెడపట్టీ అంగుళం పెంచాలి అంది. కింద ఇంకో పది వాక్యాలు ఉన్నాయి. "ఎందుకని మీరు అడగకపోయినా చెబుతున్నాను పెద్ద వదినా" అని మొదలుపెట్టి, ఏ రోజు ఏం జరిగిందో తారీకులతో రాసింది. వాటికి నేను జవాబు రాయలేదు. ఆరు జాకెట్లు కుట్టాను. చేతులు మణికట్టు దాకా, మెడపట్టీ అంగుళం ఎక్కువ. మంచి గుడ్డ వేశాను. మడతపెట్టి పంపాను. ఆ తర్వాత ఏటా ఆరు. ఆ పిల్ల మళ్ళీ ఆ విషయం రాయలేదు, కొలతలు మాత్రమే రాసేది.

నువ్వు ఒక ఫొటో తుడిచావు. నేను ఆరేళ్ళు కుట్టాను.

వాడు ఆ మాట అనగానే నాకు ఒకటి అర్థమైంది. వాడు కోపంలో ఒళ్ళు తెలియక కొట్టలేదు. నన్ను లెక్కలోకి వేసుకునే కొట్టాడు. పెద్దక్క కుడుతుంది, పెద్దక్క మాట్లాడదు అని ముందే తెలిసి కొట్టాడు. నేను పెంచిన పిల్లాడు నా చేతులు ఇందుకు వాడుకున్నాడు. వాడు వెళ్ళాక వాడు తిన్న కంచం కడగలేకపోయాను. తీసి చెత్తలో వేశాను. నాలుగు రోజులుగా నా కుట్టు షాపు తెరవలేదు. మిషను ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించకుండానే లేచిపోతున్నాను.

నా మీద అసహ్యంగా ఉందని రాశావు. నాకు కోపం లేదు. నువ్వు ఆ మాట అనకపోతే నేను ఇంకో ఏడాది కుట్టేదాన్ని.

మరదలి ఉత్తరం పారెయ్యలేదు. ఎందుకు పారెయ్యలేదో నాకే తెలియదు. బట్టల కాగితపు అచ్చుల మధ్య పెట్టాను, అక్కడే ఉంది. తారీకులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. దాన్ని లాయరమ్మకి చూపించవచ్చు. నన్ను కూడా రమ్మంటే వస్తాను. ప్రశ్నలు కాగితం మీద రాసి ఇమ్మను. జవాబు నేను గట్టిగానే చెబుతాను. ఎందుకు కుట్టావని అడుగుతారు. అడగాలి.

బుధవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నువ్వు స్టాండుకి రావద్దు. ముందు ఆ పిల్ల గదికే వెళతాను. తలుపు తీస్తే ఏమనాలో ఇంకా తెలియలేదు, దారిలో ఆలోచించుకుంటాను. తీయకపోతే బతిమాలను. ఆ ఉత్తరం తలుపు కింద నుంచి లోపలికి తోసేసి, మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేస్తాను. అది తను రాసిన ఉత్తరం. ఏం చేసుకుంటుందో తన ఇష్టం.

మీ అక్క